తొలిసారి అమెరికా ప్రయాణం: ఇక్కడ ఉండగానే చక్కబెట్టుకోవలసిన పనులేమిటి?

ప్రశ్న: తెనాలి నుంచి, తపాలా శాఖ విశ్రాంత ఉద్యోగి

అందరికీ నమస్కారం. నా వయసు 66, నా భార్య వయసు 61. మా అమ్మాయి, అల్లుడు డల్లాస్ దగ్గర ఉంటున్నారు. డిసెంబరు మొదటి వారంలో అమ్మాయికి పురుడు రావచ్చని వైద్యులు చెప్పినందువల్ల, అక్టోబరు చివరి వారంలో హైదరాబాదులో విమానమెక్కి, దుబాయ్‌లో మారి, నేరుగా డల్లాస్‌లో దిగేలా టికెట్లు తీసుకున్నాము. తిరుగు ప్రయాణం ఏప్రిల్ మొదట్లో. సందర్శకుల వీసాలు ఇద్దరికీ పదేళ్లకు వచ్చాయి. మేమిద్దరం ఇంతకుముందు దేశం దాటి వెళ్లినవాళ్లం కాము.

నా భార్యకు పన్నెండేళ్లుగా మధుమేహం ఉన్నది. పగలు మాత్రలు, రాత్రి ఒక ఇన్సులిన్ ఇంజెక్షను వాడుతున్నది. దానితోపాటు రక్తపోటు, మోకాళ్ల నొప్పులు ఉన్నాయి. నాకు రక్తపోటు మాత్ర ఒక్కటే. కేంద్ర ప్రభుత్వ పింఛను కనుక ఏటా నవంబరులో నేను లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వవలసి ఉంటుంది, కానీ ఈసారి నవంబరులో నేను ఇక్కడ ఉండను.

పెట్టెలు ఎలా సర్దుకోవాలో చెప్పేవారు మా వీధిలో చాలామంది ఉన్నారు. నా ఆందోళన వేరు. అక్కడికి చేరాక గుర్తొచ్చి, ఇక అక్కడి నుంచి చేయడానికి వీలులేని పనులు ఏమేమి ఉంటాయో అనుభవమున్నవారు చెబితే, మాకు మిగిలిన ఈ ఆరు వారాల్లో ఒక్కొక్కటిగా చేసుకుంటాము. పురిటికి కావలసిన కాయం, శొంఠి, మా ఆవిడ పెట్టిన గోంగూర పచ్చడి, కారప్పొడులు తీసుకువెళ్లవచ్చునా అన్నది ఆవిడ ప్రశ్న.

సమాధానం: కూకట్‌పల్లి నుంచి, రెండుసార్లు వెళ్లివచ్చిన ఒక అమ్మమ్మ

అన్నయ్యగారూ, నమస్కారం. ముందు వదినగారి ప్రశ్నకే జవాబు చెబుతాను, ఎందుకంటే నేను మొదటిసారి వెళ్లినప్పుడు తెలియక పొరపాటు చేసింది అక్కడే.

పచ్చళ్లు, కారప్పొడులు తీసుకువెళ్లవచ్చు, కానీ వాటిని లగేజీలో వేసే పెట్టెలోనే పెట్టాలి. చేతి సంచిలో పచ్చడిని ద్రవపదార్థంగానే లెక్కిస్తారు కనుక వంద మిల్లీలీటర్లకు మించి ఒప్పుకోరు. అమెరికా వెళ్లే విమానాల్లో పొడుల మీద కూడా ఆంక్ష ఉన్నది. సుమారు 350 మిల్లీలీటర్ల డబ్బా కంటే ఎక్కువ పొడి చేతి సంచిలో ఉంటే విడిగా తనిఖీ చేస్తారు, సందేహం తీరకపోతే అక్కడే వదిలేయమంటారు. గుంటూరులోనూ విజయవాడలోనూ పచ్చళ్ల దుకాణాల వాళ్లు గాలి తీసి ప్యాక్ చేసి ఇస్తారు. ఇంట్లో పెట్టిన పచ్చడిని కూడా తీసుకువెళ్లి అడిగితే కొంత రుసుముకు చేసిపెడతారు. నూనె పైకి తేలి ఉండే గోంగూరను సీసాలో పోసి మూత బిగించి తీసుకువెళ్తే కొత్త చీరలు నూనెలో తడుస్తాయి. నా చీరలు అలాగే పాడయ్యాయి.

తీసుకువెళ్లకూడనివి కొన్ని గట్టిగా గుర్తుపెట్టుకోండి. ఎండు కొబ్బరి చిప్పలు నిప్పు అంటుకునే స్వభావం ఉన్నవని మన దేశంలోనే విమానాల్లోకి రానివ్వరు. 2022 నుంచి లగేజీ పెట్టెల్లో కూడా నిషేధించారు. మీరు దుబాయ్ మీదుగా వెళ్తున్నారు కనుక గసగసాలు అసలు వద్దు. అరబ్ ఎమిరేట్స్‌లో వాటిని మత్తుమందుల కోవలో చూస్తారు. మసాలా పొడిలో గసగసాలు దంచి వేసి ఉంటే ఆ పొడిని కూడా ఇంట్లోనే ఉంచి వెళ్లండి. కరివేపాకుతో నిమ్మజాతి చెట్లకు తెగులు తెచ్చే పురుగు వస్తుందన్న భయంతో అమెరికాలో దాన్ని రానివ్వరు. నిల్వ ధాన్యానికి పట్టే ఖాప్రా అనే పురుగు వస్తుందన్న భయం వల్ల బియ్యం, శనగలు కూడా వద్దు. మాంసం కలిసిన పచ్చళ్ల జోలికి పోకండి. డల్లాస్ చుట్టుపక్కల మన సరుకుల దుకాణాలు చాలా ఉన్నాయి, కరివేపాకుతో సహా అన్నీ అక్కడే దొరుకుతాయి.

దిగాక తినుబండారాలు ఉన్నాయా అని అడిగితే దాచకుండా ఉన్నాయనే చెప్పండి. ఉన్నదని చెప్పిన వస్తువు పనికిరాకపోతే తీసి పక్కన పెడతారు, అంతే. లేదని చెప్పాక దొరికితే మొదటిసారి అయినా వెయ్యి డాలర్ల వరకు జరిమానా వేయవచ్చు. కాయం, శొంఠి పొడి విషయంలో నా సలహా ఏమిటంటే, ఇంట్లో దంచిన పొడిని పేరు లేని కవరులో పోయకుండా, పేరూ దినుసులూ అచ్చువేసిన మూతసీలు డబ్బాల్లోనే కొనుక్కోండి. వస కొమ్ము మాత్రం పెట్టుకోకండి. దాన్ని ఆహారంలో వాడటం అమెరికాలో ఎప్పటినుంచో నిషిద్ధం, నెలల పిల్లలకు అరగదీసి నాకించవద్దని వైద్యులూ చెబుతున్నారు.

మీరు శాకాహారులైతే ఇంకొక్క మాట. భోజనం ఎంచుకునేటప్పుడు 'హిందూ మీల్' అన్న పేరు చూసి మోసపోకండి, అందులో కోడి మాంసమో వేట మాంసమో ఉండవచ్చు. 'ఏషియన్ వెజిటేరియన్' అన్నది మనది. వదినగారికి మధుమేహుల భోజనం కూడా ఎంచుకోవచ్చు. ఏదైనా ప్రయాణానికి కనీసం ఒక రోజు ముందే నమోదు చేయించాలి.

చక్రాల కుర్చీ విషయంలో మొహమాటపడకండి. వదినగారికి మోకాళ్ల నొప్పులు ఉన్నాయి కనుక ఆమెకు అడగడం న్యాయం. విమాన సంస్థలు దానికి డబ్బు తీసుకోవు, రెండు రోజుల ముందు చెబితే చాలు. మీరు ఆవిడ పక్కనే నడిచి వెళ్లవచ్చు. నడవగలిగిన మీకు కూడా కుర్చీ అడగమని కొందరు సలహా ఇస్తారు. దానితో నేను ఏకీభవించను. నిజంగా నడవలేనివారు కుర్చీ కోసం గంటలు ఎదురుచూడటం నా కళ్లతో చూశాను.

సమాధానం: గుంటూరు నుంచి, మందుల దుకాణం నడిపే ఫార్మసిస్టు

అయ్యా, పై సోదరి ఆహారం గురించి చెప్పవలసినదంతా చెప్పారు. నేను మందుల గురించే చెబుతాను. ఈ ఆరు వారాల్లో మొదట చేయవలసిన పని ఇదే.

అమెరికాలో రక్తపోటు, మధుమేహం మాత్రలు అక్కడి వైద్యుడి చీటీ లేకుండా అమ్మరు, మన వైద్యుడి చీటీ అక్కడి దుకాణంలో చెల్లదు. అందువల్ల కావలసిన మందు వెంట తీసుకువెళ్లాలి. స్వంత వాడకానికి సాధారణంగా మూడు నెలలకు సరిపడా మందును అనుమతిస్తామని అక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ చెబుతుంది. అంతకుమించి ఉండేవారికి మిగతాది తర్వాత పంపించాలంటే, పార్సిల్‌తోపాటు వీసా, పాస్‌పోర్టుల నకళ్లు, వైద్యుడి లేఖ జతచేయాలి. మీరు ఐదు నెలలకు పైగా ఉంటున్నారు కనుక ఆ లేఖను ఇప్పుడే రెండు ప్రతులు రాయించి ఉంచండి. దాని మీద వైద్యుడి ముద్ర, రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. మందుల పేర్లను కంపెనీ పేరుతో కాకుండా మూలద్రవ్యం పేరుతో, మోతాదుతో సహా, చదవడానికి వీలుగా టైపు చేయించమని అడగండి.

నా దుకాణానికి వచ్చే చాలామంది పెద్దలు ప్రయాణానికి ముందు మాత్రలన్నీ స్ట్రిప్పుల నుంచి తీసి, పొద్దున, మధ్యాహ్నం, రాత్రి అని రాసిన ప్లాస్టిక్ డబ్బాల్లో పోసి తీసుకువెళ్తుంటారు. దయచేసి అలా చేయకండి. పేరు లేని మాత్రను ఏ దేశపు అధికారీ గుర్తించలేడు. స్ట్రిప్పులను కత్తిరించకుండా, బిల్లుతో సహా ఒక సంచిలో ఉంచండి. మోకాళ్ల నొప్పులకు ఎవరైనా ట్రమడాల్, దగ్గుకు కోడీన్ ఉన్న సిరప్ రాసి ఇచ్చి ఉంటే వాటిని వదిలేసి వెళ్లండి. గల్ఫ్ దేశాల్లో అవి నియంత్రణలో ఉన్న మందులు. జ్వరానికి మనం వాడే పారాసెటమాల్‌ను అక్కడ ఎసిటమినోఫెన్ అంటారు. అది చీటీ లేకుండానే దొరుకుతుంది కనుక మోసుకువెళ్లనవసరం లేదు.

ఇన్సులిన్ విషయం ప్రత్యేకం. దాన్ని లగేజీ పెట్టెలో ఎట్టి పరిస్థితుల్లోనూ వేయకూడదు. పెట్టెలు ఉండే చోట చలికి అది గడ్డకట్టే ప్రమాదం ఉన్నది, ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనికిరాదు. పెట్టె రాకపోతే వచ్చే ఇబ్బంది సరేసరి. పెన్నులు, సూదులు, గ్లూకోమీటరు, నాలుగైదు చాక్లెట్లు అన్నీ మీ చేతి సంచిలో, మీ కాళ్ల దగ్గర ఉండాలి. ద్రవాల మీద ఉన్న వంద మిల్లీలీటర్ల పరిమితి ఇన్సులిన్‌కు వర్తించదు, కానీ తనిఖీ దగ్గర ముందుగానే చెప్పి లేఖ చూపించండి. పడమరగా ప్రయాణిస్తున్నప్పుడు రోజు పదకొండు గంటల దాకా పొడుగవుతుంది. రాత్రి పది గంటలకు వేసుకునే ఇంజెక్షన్‌ను ఏ ఊరి పది గంటలకు వేసుకోవాలన్నది మీరుగా నిర్ణయించకండి. టికెట్టు చూపించి, గంటలతో సహా మీ వైద్యుడి చేతనే రాయించుకోండి. దుబాయ్ నుంచి డల్లాస్‌కు సుమారు 16 గంటలు కూర్చోవాలి. కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా ఇద్దరూ రెండు గంటలకొకసారి లేచి నడవండి, నీళ్లు తాగండి.

చివరగా ఒక టీకా గురించి చెప్పాలి. పుట్టిన బిడ్డకు కోరింత దగ్గు సోకితే ప్రాణాపాయం. బిడ్డకు దాని మొదటి టీకా రెండు నెలలకు గానీ వేయరు. అందువల్ల బిడ్డను ఎత్తుకునే అమ్మమ్మ, తాతయ్యలు టీడాప్ టీకా వేయించుకోవాలనీ, బిడ్డను కలవడానికి కనీసం రెండు వారాల ముందే వేయించుకోవాలనీ అక్కడి వైద్యులు అడుగుతారు. ఫ్లూ టీకా కూడా అంతే. రెండూ మన దగ్గరే దొరుకుతాయి. మీ అమ్మాయి ఈపాటికి చెప్పే ఉంటుంది, చెప్పకపోయినా వేయించుకోండి.

సమాధానం: డల్లాస్ నుంచి, ఇరుగు పొరుగు తల్లిదండ్రులను చాలాసార్లు విమానాశ్రయం నుంచి తీసుకువచ్చిన ఒక ఉద్యోగి

బాబాయిగారూ, నమస్కారం. అక్కడికి చేరాక చేయలేని పనులేమిటన్న మీ ప్రశ్నకు నా అనుభవం నుంచి మూడే చెబుతాను: ఫోను నంబరు, పింఛను, బీమా.

మా నాన్నగారు వచ్చినప్పుడు ఇక్కడి సిమ్ వేసుకుని, ఇండియా సిమ్‌ను బీరువాలో పెట్టి వచ్చారు. నెల తిరిగేసరికి బ్యాంకు ఖాతాలో ఏదో మార్పు కోసం ఓటీపీ కావలసి వచ్చింది. సిమ్ వేల మైళ్ల దూరంలో ఉన్నది. రీఛార్జి చేయక మూడో నెలలో ఆ నంబరే ఆగిపోయింది. ఆధార్‌కు, బ్యాంకుకు, గ్యాసుకు, పింఛనుకు అన్నింటికీ అదే నంబరు ముడిపడి ఉండటం వల్ల, ఆయన తిరిగివెళ్లాక దాన్ని మళ్లీ చక్కబెట్టుకోవడానికి రెండు నెలలు తిరిగారు. కాబట్టి మీ సిమ్ వెంట తెచ్చుకోండి. రెండు సిమ్‌లు పట్టే ఫోను లేకపోతే కొనుక్కోండి. బయలుదేరే ముందే ఆరు నెలలకు సరిపడా రీఛార్జి చేసి, విదేశాల్లో పనిచేసేలా అంతర్జాతీయ రోమింగ్ సదుపాయాన్ని పెట్టించండి. రోమింగ్‌లో వచ్చే సంక్షిప్త సందేశాలకు సాధారణంగా డబ్బు పడదు. ఇక్కడ దిగగానే ఆ సిమ్‌లో డేటాను మాత్రం ఆపేయండి.

లైఫ్ సర్టిఫికెట్‌కు మీరు బ్యాంకుకు వెళ్లనవసరం లేదు. జీవన్ ప్రమాణ్ పద్ధతిలో ఫోను కెమెరాతో ముఖాన్ని గుర్తించే సదుపాయం ఉన్నది. దానికి జీవన్ ప్రమాణ్ యాప్‌తోపాటు ఆధార్ ఫేస్ ఆర్‌డీ అనే మరో యాప్ కూడా ఫోనులో ఉండాలి. రెండింటినీ తెనాలిలోనే దించుకుని, మీ పింఛను చెల్లింపు ఉత్తర్వు నంబరు, బ్యాంకు ఖాతా నంబరు ఒక కాగితం మీద రాసి తెచ్చుకోండి. అది పనిచేయకపోతే మా రాష్ట్రానికి సంబంధించిన భారత కాన్సులేట్ హ్యూస్టన్‌లో ఉన్నది, అక్కడి అధికారి ధ్రువీకరణ కూడా చెల్లుతుంది. ఈ రెండు మార్గాల్లో దేన్ని ఒప్పుకుంటారో మీ పింఛను బ్యాంకు శాఖలో వెళ్లేముందే అడిగి తెలుసుకోండి.

బీమా గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే పెద్దవాళ్లు ఎక్కువగా ఆశపడి, ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే. మీకు ఇండియాలో ఉన్న ఆరోగ్య బీమా చాలావరకు ఇక్కడ పనిచేయదు. సందర్శకుల బీమా విడిగా తీసుకోవాలి. అందులో రెండు రకాలు ఉంటాయి. ఒక్కొక్క చికిత్సకు ఇంతే ఇస్తామని ముందే గీత గీసే చవక రకం మొదటిది. మీ వంతు కొంత కట్టాక మిగిలిన ఖర్చులో అధిక భాగాన్ని గరిష్ఠ పరిమితి వరకు భరించే రకం రెండోది. చవక రకం బిల్లు ముందు నిలవదు, రెండో రకమే తీసుకోండి. పిన్నిగారికి ముందునుంచీ ఉన్న మధుమేహం, రక్తపోటుల విషయంలో, అవి హఠాత్తుగా తీవ్రమై ఇరవైనాలుగు గంటల్లోపు చికిత్స తీసుకుంటే మాత్రమే చెల్లిస్తామన్న షరతు ఎక్కువ పాలసీల్లో ఉంటుంది. మెల్లగా ముదిరిన జబ్బుకూ, మామూలు పరీక్షలకూ డబ్బు రాదు. పంటి నొప్పి కూడా చాలావాటిలో ఉండదు. అందువల్ల పళ్లు, కళ్లు, మూడు నెలల సగటు చక్కెర, గుండె పరీక్ష అన్నీ అక్కడే చేయించుకుని, కళ్లజోడు ఒకటి అదనంగా తెచ్చుకోండి. బీమా విమానమెక్కే రోజు నుంచే మొదలయ్యేలా అల్లుడిగారిని ఇక్కడి నుంచే కొనమనండి.

ఇక దిగేటప్పటి సంగతి. పదేళ్ల వీసా అంటే పదేళ్లు ఉండవచ్చని కాదు. ఎన్నాళ్లు ఉండవచ్చో విమానాశ్రయంలోని అధికారి నిర్ణయిస్తాడు, మామూలుగా ఆరు నెలలు ఇస్తారు. ఆ గడువు తేదీ ఐ-94 అనే నమోదులో ఉంటుంది. ఇల్లు చేరిన రోజే మీ అమ్మాయి చేత ఆ వెబ్‌సైటు తెరిపించి తేదీ సరిచూసుకోండి. ఎందుకు వచ్చారని అధికారి అడిగితే ఉన్నదే చెప్పండి: కూతురికి పురుడు, మనవడినో మనవరాలినో చూడటానికి వచ్చాము, ఏప్రిల్‌లో తిరిగి వెళ్తాము. తిరుగు టికెట్టు, అమ్మాయి చిరునామా, ఫోను నంబరు కాగితం మీద ఉండాలి, ఫోనులో ఉంటే చాలదు.

వేలిముద్రలు తీసుకుంటారు. మా అమ్మగారి వేళ్లు అంట్లు తోమీ తోమీ అరిగిపోయి, అద్దం మీద ఎంత నొక్కినా ముద్ర పడలేదు. ఆవిడ కంగారుపడి చేయి వెనక్కి తీసుకుంటుంటే, ఆ అధికారే ఒక చిన్న సీసాలోని క్రీమును వేళ్లకు రాసుకోమని సైగ చేసి, మళ్లీ ఒక్కొక్క వేలే పెట్టించాడు. పిన్నిగారికి ఈ సంగతి ముందే చెప్పి ఉంచండి.

ప్రశ్న అడిగినవారు

అమ్మా, బాబూ, ఫార్మసిస్టుగారూ, మీ అందరికీ నా నమస్కారాలు. మీరు రాసినదంతా ఒక నోటుపుస్తకంలో ఎక్కించుకున్నాను. ఈ రోజు మా వైద్యుడి దగ్గరికి వెళ్లి లేఖ అడిగి వచ్చాము, టీకాలకు శుక్రవారం రమ్మన్నారు.

మరో మూడు సందేహాలు. నా భార్య పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నది, వీసా మీద మాత్రం ఇంటిపేరు చోట ఆమె పేరు, పేరు చోట ఎఫ్ఎన్‌యూ అన్న అక్షరాలు ఉన్నాయి. టికెట్టులో ఆమె ఇంటిపేరు నా ఇంటిపేరుగా పడింది. ఇది ఇబ్బంది అవుతుందా? ఆవిడ రోజూ వేసుకునే గాజులు, గొలుసు తీయవలసి ఉంటుందా? ఐదు నెలలు ఇల్లు తాళం వేసి ఉంచడమెలా?

సమాధానం: విజయవాడ నుంచి, టికెట్ల వ్యాపారంలో ఉన్న ఒకరు

అయ్యా, మొదటి సందేహం మీద రేపే కదలండి. ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్న పాస్‌పోర్టుకు అమెరికా వీసాలో ఉన్న ఒక్క పేరును ఇంటిపేరు గడిలో వేసి, పేరు గడిలో ఎఫ్ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే పేరు తెలియదు) అని రాస్తారు. అది తప్పు కాదు. తప్పు టికెట్టులో ఉన్నది. పాస్‌పోర్టులో లేని ఇంటిపేరు టికెట్టులో ఉండకూడదు. ఇంటిపేరు లేనివారి పేరును ఎలా నమోదు చేయాలో ఒక్కో విమాన సంస్థకు ఒక్కో పద్ధతి ఉంటుంది. టికెట్టు కొన్న చోటికి ఫోను చేసి, పాస్‌పోర్టు, వీసా రెండు పుటల నకళ్లూ పంపి, దిద్దిన టికెట్టును తిరిగి తెప్పించుకోండి. ఇలాంటి దిద్దుబాటు ముందు రోజుల్లో తేలిక, శంషాబాద్ కౌంటరు దగ్గర చాలా కష్టం. తిరిగివచ్చాక పాస్‌పోర్టు కొత్తది చేయించేటప్పుడు ఇంటిపేరు విడిగా వేయించండి. మన తెలుగువాళ్లలో ఇంటిపేరును పొడి అక్షరంగా రాసే అలవాటు వల్ల ఈ చిక్కు చాలా ఇళ్లలో ఉన్నది.

రోజూ వేసుకునే నగలు వేసుకుని వెళ్లవచ్చు. విలువైనవి ఎక్కువగా ఉంటే, వెళ్లేటప్పుడే విమానాశ్రయంలోని కస్టమ్స్ అధికారికి చూపించి ఎగుమతి ధ్రువపత్రం తీసుకోండి. తిరిగివచ్చేటప్పుడు అవి అక్కడ కొన్నవి కావని చెప్పడానికి అదే ఆధారం. నా మాటైతే పెద్ద నగలు బ్యాంకు లాకరులో పెట్టి వెళ్లడమే మంచిది. నగదు విషయానికొస్తే, డాలర్లు కొద్దిగా నోట్లుగానూ మిగిలినవి ఫారెక్స్ కార్డులోనూ తీసుకోండి. మన రూపాయలు పాతిక వేలకు మించి తీసుకువెళ్లకూడదు.

ఇంటికి ఆంధ్రప్రదేశ్ పోలీసుల ఎల్‌హెచ్ఎంఎస్ అనే తాళం వేసిన ఇళ్ల నిఘా సదుపాయం ఉన్నది. మీ పోలీసు స్టేషనులో అడిగితే మీ ప్రాంతంలో ఎలా నమోదు చేసుకోవాలో చెబుతారు. గ్యాసు సిలిండరు రెగ్యులేటరు తీసి పెట్టండి, నీళ్ల మోటారు మెయిన్ ఆపండి, కరెంటు బిల్లు కట్టే బాధ్యత ఒకరికి అప్పగించండి. పవర్ బ్యాంకును లగేజీలో వేయకుండా చేతి సంచిలో ఉంచండి. మీ అమ్మాయి మిక్సీ తెమ్మని అడిగితే వద్దనండి. అక్కడి కరెంటు 120 వోల్టులు, మన మిక్సీ దాని మీద సరిగా తిరగదు.

ప్రశ్న అడిగినవారు

విజయవాడవారికి ప్రత్యేక కృతజ్ఞతలు. ఉదయమే టికెట్టు కొన్న చోటికి ఫోను చేశాము. నకళ్లు పంపిన నాలుగు గంటలకు దిద్దిన టికెట్టు వచ్చింది, పాస్‌పోర్టు పక్కన పెట్టి ఒక్కొక్క అక్షరం సరిచూసుకున్నాము. నా సిమ్‌కు రోమింగ్ పెట్టించాను. ఎండు కొబ్బరి చిప్పలు పెట్టెలోంచి తీసేశాము. ఫేస్ ఆర్‌డీ యాప్ మా ఆవిడ ఫోనులో తెరుచుకుంటున్నది కానీ నా పాత ఫోనులో తెరుచుకోవడం లేదు, అందువల్ల లైఫ్ సర్టిఫికెట్ కోసం నా పింఛను వివరాలు ఆవిడ ఫోనులోనే పెట్టుకుంటున్నాము. శుక్రవారం టీకాలు వేయించుకుని వచ్చాక మళ్లీ రాస్తాను.